ఏడో పెట్టె మీద ఎర్ర చుక్క

మొన్న మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయి, పావుగంటకి వచ్చింది. ఫ్యాను తిరిగింది. నీళ్ళ ఫిల్టరు మీద పచ్చ లైటు వెలిగింది. నా చెయ్యి తనంతట తానే వెళ్ళి ఫిల్టరు కుళాయి తిప్పింది. నీళ్ళు వచ్చాయి. అప్పటిదాకా నా మనసు కుదుటపడలేదు.

మా కోడలు చూసి నవ్వింది. "పచ్చ లైటు ఎలుగుతంది కదత్తా. మళ్ళీ తిప్పి సూడ్డం ఏటి?"

"లైటుని అడక్కూడదే. నీళ్ళని అడగాల," అన్నాను.

ఆ మాట నాది కాదు. ఆ మాట నేర్పిన మనిషి పోయి ఇంకా నలభై రోజులు కాలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడు కూడా మా కంచరపాలెంలో ఆ పేరుతో ఎవరూ పిలిచింది లేదు. కార్డులాయన అనేవారు. మిషన్ల లోపల ఉండే సర్క్యూటు కార్డులు బాగుచేసేవాడు. ఆ పేరు విని వెనక వీధి ముసలమ్మ ఒకావిడ రేషను కార్డు పట్టుకొచ్చి, మనవరాలి పేరు ఎక్కించమని ఆయన గుమ్మంలో కూచుంది. ఆయన కాదనలేదు. ఆవిడని ఆఫీసుకి తీసుకెళ్ళి, వరసలో నిలబడి, పేరు ఎక్కించి మరీ తీసుకొచ్చాడు.

గోదావరి పక్క మనిషి. భార్య ఊళ్ళో బట్టలు కుట్టేది. ఈయన మా ముందుగది అద్దెకి తీసుకుని ఆరేళ్ళున్నాడు. ద్వారకా నగర్లో ఒక షాపుకి పనిచేసేవాడు. వాళ్ళు ఫ్యాక్టరీలకి అలారం పెట్టెలు తయారుచేసి ఇస్తారు. పగలు అక్కడ, సాయంత్రం మా ముందుగదిలో బల్ల ముందర. నుదుటి మీదకి ఎత్తిపెట్టిన భూతద్దం తీయడం మర్చిపోయి, అలాగే కూరల బజారుకి వెళ్ళేవాడు. అందరూ చూస్తున్నారని తెలిసినా తీసేవాడు కాదు.

కార్డు మీద నల్లగా, బొద్దింక పిల్లంత ఉండే చిప్పుతో మాట్లాడేవాడు. అదీ మర్యాదగా. కరెంటు ఇచ్చి, ముందుకి వంగి, "లేచారాండీ?" అనేవాడు. అది కీచుమంటే, "ఆయ్, సంతోషం," అనేవాడు.

మా ఇంటాయన ఏడిపించేవాడు. "పురుగంత దానికి అండీలేటి బావా? మా సూపర్‌వైజరుకి కూడా నాను అంత మర్యాద ఇవ్వను."

"మనం లేని చోట మనవాళ్ళని చూసుకునేది ఆయనేనండి బావగారూ," అనేవాడు నవ్వకుండా.

ఇంకో అలవాటు ఉంది. తను పరీక్ష చేసి సరే అనుకున్న కార్డుని పెట్టెలో బిగించి, మూత మీద ఎడమపక్క మర దగ్గర ఒక ఎర్ర చుక్క పెట్టేవాడు. మా అమ్మాయి గోళ్ళరంగు అడిగి తీసుకున్నాడు మొదట. సీసా అయిపోయాక అదే రంగు కొత్త సీసా తెచ్చిచ్చాడు. "సంతకం బదులండి. నా చెయ్యి దాటి వెళ్ళిందని గుర్తు," అనేవాడు.

నేను ఐదో తరగతితో ఆగిపోయిన మనిషిని. రైలు పట్టాల పక్క సందులో మాకు శనగల బట్టీ ఉంది. ఇసకలో శనగలు, వేరుశెనగకాయలు వేయిస్తాను. నాకు చదువు లేదు గానీ వేడి తెలుసు. ఇసక మీద చెయ్యి ఆడిస్తే చాలు, ఏ గింజకి ఎంత వేడో చెప్పగలను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

మా ఇంటాయన అప్పట్లో ఉక్కు ఫ్యాక్టరీ దారిలో ఉన్న ఒక చిన్న మిల్లులో చేసేవాడు. పాత ఇనుము కాల్చి కడ్డీలు లాగే మిల్లు. కొలిమికి బొగ్గు గ్యాసు. దానికి రంగు ఉండదు. దాన్ని పసిగట్టడం ముక్కు వల్ల కాదు. ముందు తల బరువెక్కుతుందట. తర్వాత కాసేపు కూచుంటే బాగుండును అనిపిస్తుందట. అలా కూచున్నవాడిని ఇంకొకరు లేపాలి. అందుకని షెడ్డులో స్తంభాలకి ఆరు అలారం పెట్టెలు పెట్టారు. గ్యాసు వస్తే అవి కూస్తాయి, మనుషులు బయటికి పరిగెత్తాలి. ఆ ఆరూ కార్డులాయన చేతి మీద తయారైనవే.

అది మార్చి నెల. ఆదివారం చర్చి నుంచి వచ్చి చేపల పులుసు చేశాను. ముందుగదాయన్ని కూడా పిలిచాను. తింటూ తింటూ మా ఇంటాయన తమాషాకి అన్నాడు.

"మీ షాపు పెట్టెలకి ఎండాకాలం నిద్దరెక్కువ బావా. కరెంటు పోయి ఒచ్చినప్పుడల్లా ఆరూ ఒకసారి కీచుమంటాయి గదా. ఎండలు ముదిరాక రెండో మూడో అనవు. తడి గోనె కప్పి, కాసేపాగి, స్విచ్చి కట్టేసి మళ్ళీ ఏత్తే అప్పుడంటాయి. సంటిపిల్లల్నాగ. సల్లబడితే లేత్తాయి."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉంది. "గోనె కప్పమని ఎవరు చెప్పారండీ?"

"నానే కనిపెట్టాను. ఇప్పుడు షెడ్డులో అందరికీ వొచ్చు. పైడిరాజు అయితే పొద్దున్నే గోనె తడిపి బకెట్లో పెట్టుకుంటాడు."

"లేవనప్పుడు పచ్చ దీపం వెలుగుతుందాండీ?"

"భేషుగ్గా ఎలుగుతాది."

"కంప్లైంటు రాశారాండీ ఎవరైనా?"

"లేచిపోతంటే కంప్లైంటు ఏటికి బావా?"

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. చేప ముక్క అలాగే ఉంది. గోదావరి మనిషి పులుసులో ముక్క వదలడం నేను అదే చూడ్డం. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఎర్ర చుక్కలున్నాయాండీ వాటి మీద?" అన్నాడు.

"ఆరింటికీ ఉన్నాయి. బొట్టెట్టారు అనుకున్నాం," అన్నాడు మా ఇంటాయన.

మర్నాడే మా ఇంటాయన సూపర్‌వైజరుని బతిమాలి ఒక పెట్టె విప్పించి తెచ్చాడు. షెడ్డులో ఐదు మిగిలాయి. తెచ్చినదాన్ని ఆయన రెండు రోజులు బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చాడు, తీశాడు. ఇచ్చిన ప్రతిసారీ కీచుమంది. తర్వాత నా దగ్గరకి వచ్చి, "అక్కగారూ, మీ ఇసక కావాలండి," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. గానీ ఆయన మొహం చూసి నవ్వలేదు.

బట్టీ ఆర్పాక ఇసక మెల్లగా చల్లబడుతుంది. ఎండాకాలం ఆ రేకుల షెడ్డు కప్పు కింద ఎంత వేడి ఉంటుందో మా ఇంటాయన చేత చెప్పించుకున్నాడు. స్తంభం మీద చెయ్యి పెడితే ఎంతసేపు ఉంచగలరు అని అడిగాడు. ఆ లెక్కన నేను ఇసకని పట్టి చూసి, ఇప్పుడు పెట్టండి అన్నాను. స్టీలు టిఫిను డబ్బాలో కార్డు పెట్టి, తీగలు బయటికి లాగి, పీకల్లోతు ఇసకలో పాతాడు. కాసేపటికి మూత తీసి, లోపల చిన్న మీట నొక్కి ఆపి, మళ్ళీ వేసేవాడు. కీచు. ఇంకో గంటకి మూత తీసేవాడు. కీచు. నాలుగు రోజులు ఇదే వరస. ఎప్పుడూ లేచింది.

ఐదో రోజు నేను ఉండబట్టలేక అన్నాను. "అలా మాటిమాటికీ మూత తీత్తంటే శనగ కూడా ఏగదు తమ్ముడూ. నువ్వు సూత్తన్నావని అది సల్లబడిపోతంది."

ఆయన నా వైపు చూసి నోరు తెరిచాడు.  అదే నిమిషంలో, వీధిలో కరెంటు పోయింది. బట్టీ పక్క పిండిమర ఆగిపోయింది. మూత వేసే ఉంది. ఇద్దరం ముట్టుకోలేదు. కరెంటు వచ్చింది. పిండిమర మొదలైంది. డబ్బాలోంచి బయటికి లాగిన తీగ చివర పచ్చ లైటు వెలిగింది.

కీచు రాలేదు.

"లేచారాండీ?" అన్నాడాయన. గొంతు బాగా తగ్గించి. మళ్ళీ అడిగాడు. ఆ లైటు చక్కగా, తడబడకుండా వెలుగుతూనే ఉంది.  ఊపిరి లేని మనిషి కళ్ళు తెరిచి మనకేసి చూస్తున్నట్టుంది.

తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. చిప్పు పక్కన వెండి మాత్రలాంటిది ఒకటి ఉంటుంది. అది లోపల వణుకుతూ ఉంటేనే చిప్పుకి ప్రాణం. చల్లగా ఉన్నప్పుడు కరెంటు తగలగానే వణకడం మొదలెడుతుంది. ఒకసారి మొదలైతే ఎంత వేడిలోనైనా ఆగదు. గానీ వేడిలో ఆపేస్తే, మళ్ళీ మొదలెట్టే బలం చిప్పుకి చాలదు. "పరిగెత్తేవాడు ఎండలో కూడా పరిగెడతాడు అక్కగారూ. కూలబడినవాడు లేవలేడు."

"మరి పచ్చ లైటు?"

"దానికీ చిప్పుకీ సంబంధం లేదండి. కరెంటు వచ్చిందని చెబుతుంది అది. లోపల మనిషున్నాడో లేదో దానికి తెలీదు."

ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ మాత్రకి చెరో పక్క నలుసంత ముక్కలు రెండు ఉంటాయి. ఈ పెట్టెలు చేసిన నెల షాపులో సరైనవి దొరక్క, వాటికన్నా కొంచెం పెద్దవి వేశాడు. ఆ బరువుకి మాత్ర మొదలవడం కష్టమైపోయింది. షాపులో ఏసీ గదిలో పరీక్ష చేస్తే అన్నీ లేచాయి. "వేసింది నేనేనండి. చుక్క పెట్టింది నేనేనండి," అన్నాడు. చేతులు వొళ్ళో పెట్టుకుని కూచున్నాడు.

ముక్కలు మార్చాడు. మూత వేసి, మీట బయటికి పెట్టి, ఇసకలో పాతి సాయంత్రం దాకా ఆపుతూ వేస్తూ ఉన్నాడు. ఒక్కసారి కూడా తప్పకుండా కీచుమంది. అప్పుడు పాత చుక్క పక్కన ఇంకో చుక్క పెట్టాడు. రెండు చుక్కలు.

పెట్టెల్లో తప్పుందంటే షాపు యజమాని ఒప్పుకోలేదు. "రెండేళ్ళుగా ఒక్క కంప్లైంటు లేదు. చెడితే ఊరుకుంటారా వాళ్ళు?" అన్నాడట. ఈయన మిల్లుకి వెళ్ళాడు. అక్కడి ఇంజనీరు ఒక పెట్టె విప్పించి, ఆఫీసు గదిలో ఏసీ కింద పెట్టి కరెంటు ఇచ్చాడు. కీచుమంది. "అరుత్తంది గదండీ, మీకేటి బాధ?" అన్నాడు. షెడ్డులో, ఎండవేళ, స్తంభం మీదే ఆపి చూడమని ఈయన చేతులు జోడించాడు. పని ఆపాలి కాబట్టి సోమవారం చూద్దాం అన్నారు.

ఆ రోజు బుధవారం. ఇంటికొచ్చి మా ఇంటాయన్ని ఎదురుగా కూచోబెట్టుకున్నాడు. "బావగారూ, సోమవారం దాకా ఒక్క మాట వినండి. కరెంటు పోయి వస్తే లైటు చూడకండి. కీచు విన్నాం అనుకోకండి. పెట్టె కింద పరీక్షకని పెట్టిన నల్ల బటను నొక్కండి. కూస్తే ఉండండి. కూయకపోతే గోనె జోలికి పోకండి. అందరినీ బయటికి తీసుకొచ్చేయండి."

"పని మానేసి బయటికొత్తే ఊరుకుంటారేటి?"

"తిడతారండి. తిట్టించుకోండి."

శుక్రవారం మిట్టమధ్యాహ్నం మా వీధిలో కరెంటు కన్ను కొట్టినట్టు పోయి వచ్చింది. ముందుగదిలో బల్ల మీద రెండు చుక్కల పెట్టె కీచుమంది. ఆయన లేచి నిలబడ్డాడు. నేను గుమ్మంలో శనగలు చెరుగుతున్నాను.

"అక్కగారూ, అక్కడ కూడా పోయుంటుందాండీ?"

నాకేం తెలుసు. మా ఇంటాయన ఫోను పనివేళ సామాను సంచిలో పెట్టేస్తాడు, ఎత్తడు. ఆయన చెప్పులు వేసుకోలేదు. ఆ ఎండలో ఉత్త కాళ్ళతో రోడ్డెక్కి ఆటో ఆపడం చూశాను. నేను చేట పట్టుకుని అక్కడే ఉండిపోయాను. ప్రార్థన చేద్దామనుకుంటే ఒక్క మాటా గుర్తు రాలేదు.

జరిగింది మా ఇంటాయన తర్వాత చెప్పాడు. అక్కడా పోయి వచ్చింది. ఐదు పచ్చ లైట్లూ వెలిగాయి. మిల్లు మోతలో కీచులు లెక్కపెట్టడం ఎవరికి సాధ్యం? మా ఇంటాయన వెళ్ళి కొలిమి పక్క పెట్టె నల్ల బటను నొక్కాడు. కూయలేదు. ఇంకోసారి నొక్కాడు. "బయటికి నడండిరా," అని కేకేశాడు. మేస్త్రీ బూతులు తిట్టాడు. తొమ్మిదిమంది బయటికొచ్చారు. చెట్టు కింద తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ.

పైడిరాజు. పద్మనాభం ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి, యాభై దాటినవాడు. పెట్టె లేవలేదు అనగానే, అలవాటు ప్రకారం బకెట్లో గోనె తీసుకుని లోపలికి వెళ్ళాడు. నేర్పింది మా ఇంటాయనే కదా.

మా ఇంటాయన గుమ్మం నుంచి చూశాడట, కేకేసినా మిల్లు మోతలో వినపడలేదట. పైడిరాజు పెట్టె మీద గోనె కప్పాడు. పక్కనే నిలబడ్డాడు. నుదురు రుద్దుకున్నాడు. స్విచ్చి కట్టేసి మళ్ళీ వేశాడు. పెట్టె కీచుమంది. కీచుమని ఆగలేదు. గొంతు చించుకుని కూయడం మొదలెట్టింది. గ్యాసు అప్పటికే అక్కడుంది. ఎంతసేపటి నుంచో ఉంది. పచ్చ లైటు కింద నిండుతూ ఉంది. పెట్టెకి మెలకువ వచ్చేసరికి, పైడిరాజు స్తంభానికి ఆనుకుని, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా మెల్లగా కింద కూచున్నాడు.

మా ఇంటాయనా ఇంకొకడూ ఊపిరి బిగబట్టి పరిగెత్తి, కాళ్ళు పట్టి బయటికి ఈడ్చారు. కార్డులాయన ఆటో దిగేసరికి అతన్ని వ్యాను ఎక్కిస్తున్నారు.  లోపల పెట్టె ఇంకా కూస్తూనే ఉంది. ఈయన గేటు దగ్గర నిలబడి అదే వింటున్నాడట.

పైడిరాజు బతికాడు. బతికాడు గానీ అన్నం తిన్నాడో లేదో పెళ్ళాన్ని అడుగుతాడు. ముప్ఫై ఏళ్ళు ఎక్కిన బస్సు ఎక్కడాగుతుందో మర్చిపోయాడు. ఆవిడ చీటీ మీద ఊరి పేరు రాసి చొక్కా జేబులో పెడుతుంది. మా ఇంటాయన నెలకోసారి వెళ్ళి చూసొస్తాడు. వెళ్ళిన ప్రతిసారీ అతను నవ్వి, "గోనె తడిపాను బావా," అంటాడట. ఆ రోజు మా ఇంటాయన అన్నం ముట్టడు.

మిల్లువాళ్ళు ఐదు పెట్టెలూ విప్పి పంపేశారు. ఒక్కొక్కటీ నా ఇసకలో పడుకుని లేచింది. ఒక్కొక్కదానికీ రెండో చుక్క పడింది. ఆరు పెట్టెలు బల్ల మీద వరసగా పెట్టి, ఆయన వాటికేసి చూస్తూ కూచున్నాడు.

"అయిపోయింది గదా తమ్ముడూ. ఇంక నిద్రపో," అన్నాను.

"ఏడు చేశానండి," అన్నాడు.

ఏడోది షాపు గల్లా మీద నుంచే అమ్ముడైపోయింది. ఎవరికి అని యజమానిని అడిగితే, ఎవరో వచ్చి అలారం పెట్టె ఉందా అన్నాడు, ఇచ్చాను, అంతే అన్నాడు. అప్పటి నుంచి ఆయన ఆదివారాలు ఆ పెట్టె కోసమే. హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలు తిరిగాడు. హోటళ్ళ బాయిలరు గదులు తిరిగాడు. ఇటిక బట్టీలకి కూడా వెళ్ళాడు. వెళ్ళి, "బూడిద రంగు పెట్టెండి, ఎర్ర చుక్కండి," అని అడిగేవాడు. కొందరు పిచ్చోడనుకుని టీ ఇచ్చి పంపేవారు. ఎక్కడ పచ్చ లైటు కనపడినా ఆగిపోయేవాడు. మా అమ్మాయి పెళ్ళికి వచ్చి, హాలులో జనరేటరు గది వెతుక్కుంటూ వెళ్ళి, దీవెనల వేళకి దొరకలేదు.

తర్వాత కళ్ళు మందగించి షాపు మానేసి ఊరెళ్ళిపోయాడు. ఏటా ఎండలు ముదిరే వేళకి ఫోను చేసేవాడు. కుశలం అడిగేవాడు. ఇసక మార్చారా అని అడిగేవాడు. చివర్న, "ఏమైనా కనపడిందాండీ?" అనేవాడు. లేదు తమ్ముడూ అనేదాన్ని. "ఆయ్," అని పెట్టేసేవాడు.

ఈ ఏడు ఫోను ముందే మోగింది. ఆయన భార్య. గుండెనొప్పి, మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట, పోయాడట. నేను ఏడుస్తుంటే ఆవిడే నన్ను ఓదార్చింది. పెట్టేసే ముందు కాస్త తటపటాయించింది. "అక్కగారూ, నాకు సంగతేంటో తెలీదండి. మీకు ఫోను చేసినప్పుడు మర్చిపోకుండా అడగమన్నారు. ఏడోది దొరికిందాండీ?"

అందుకే ఇది రాస్తున్నాను. ఇంతకాలం ఆయన అడిగాడు, ఇప్పుడు నేను అడుగుతున్నాను. బూడిద రంగు పెట్టె, రెండు జానల పొడుగు. మూత మీద ఎడమపక్క మర దగ్గర గోళ్ళరంగు చుక్క, ఇప్పటికి కొంచెం వెలిసి ఉంటుంది. రెండు చుక్కలుంటే భయం లేదు. ఒక్కటే ఉంటే, మీరు పనిచేసే చోట ఎండ ముదిరిన వేళ కరెంటు పోయి వస్తే, దాని పచ్చ లైటు చక్కగా వెలుగుతుంది. దాన్ని చూడకండి. కింద నల్ల బటను నొక్కండి. కూయకపోతే తడి గోనె కోసం వెళ్ళకండి. పక్కవాడి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేయండి. వచ్చాక తలలు లెక్కపెట్టుకోండి.